పిలిచినవారికే ప్రజాస్వామ్యం

తిరుపతిలో సిఫారసు లేనిదే ఏ పనీ జరగదని బయటి ఊళ్ళవారు ఆక్షేపిస్తుంటారు. కొండమీద బ్రేక్ దర్శనానికి లేఖ కావలసినట్టే కొండ కింద దేశ నాయకత్వం గురించి ఆలోచించడానికి కూడా ఎవరో ఒకరి మాటసాయం కావలసి వస్తున్నదని తెలిసిన నాటినుంచి, నాకు ఆ ఆక్షేపణలో ఈర్ష్య తప్ప మరేమీ కనబడటం లేదు. ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన ఒక హోటలు మూడో అంతస్తులో నెలకొక శనివారం సాయంత్రం పాతికమంది పెద్దమనుషులు కూడి నాయకత్వం, రాజకీయాలు అనే రెండు విషయాలమీద చర్చ సాగిస్తారు. ఆహ్వానితులకే ప్రవేశం. సర్వదర్శనం లేదు.

నాకు పిలుపు వచ్చిన తీరు దాచదగినదే గాని చెప్పేస్తాను. శనివారం మధ్యాహ్నం మూడున్నరకు ఒక పాత సహోద్యోగి ఫోన్ చేసి, "రావాల్సిన ఆయనకు ఉన్నట్టుండి విరేచనాలు పట్టుకున్నాయంట సార్, కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదు, మీరు తప్పకుండా రావాల" అన్నారు. దేశాన్ని గురించి ఆలోచించే అవకాశం ఇంకొకరి కడుపునొప్పి వల్ల రావడం గౌరవంగా లేదని మా ఆవిడ అన్నది. అప్పటికే ఇస్త్రీపెట్టె వేడెక్కింది.

మన పూర్వులకు ఇటువంటి సదుపాయం లేక ఎంత అవస్థ పడ్డారో తలచుకుంటే జాలి కలుగుతుంది. ఊరి నడుమ రావిచెట్టు కింద రచ్చబండ ఉండేది. అక్కడ పెద్దలు ఒక విషయం తేలుస్తుండగా మేకలు తోలుకుపోయేవాడు సైతం నిలబడి "అది కాదులే మామా" అని అడ్డు తగిలేవాడు. "నిన్నెవరు పిలిచారు?" అని అడగటానికి వీలు లేదు గనుక, వాడు చెప్పింది నిజమా కాదా అని విచారించవలసిన దురవస్థ ఏర్పడేది. (దళితవాడ వారినీ ఆడవాళ్ళనూ దూరంగా నిలబెట్టిన రచ్చబండలు లేకపోలేదు, ఆ మేరకు మన పెద్దలు ఈ హోటలువారికి ముందే దారి వేసి ఉంచారని ఒప్పుకోవాలి.) మూడో అంతస్తుకు మేకలు రావు. లిఫ్టు దగ్గర ఒక కుర్రవాడు పేర్ల జాబితా పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిది, ఎవరి పేరు ఎవరి కింద వచ్చింది అన్న విషయంమీద ఆ సాయంత్రం లిఫ్టు ముందు జరిగినంత లోతైన రాజకీయ చర్చ తరువాత లోపల జరగలేదని నా అభిప్రాయం.

సభ మొదలవుతూనే మా సెల్‌ఫోన్లను ఒక వెదురుబుట్టలో వేయించి, లండన్‌లోని చాతం హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల చర్చాసంస్థ 1927లో పెట్టుకున్న నియమమే ఇక్కడా వర్తిస్తుందని ప్రకటించారు. విన్న సంగతిని బయట వాడుకోవచ్చును గాని, అన్నది ఎవరో బయటపెట్టరాదన్నది ఆ నియమం. మర్నాడు ఉదయం లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగబోతే, ఎవరెవరు మాట్లాడారో అక్కడ అందరికీ తెలిసిపోయి ఉన్నది. ఏమి మాట్లాడారో మాత్రం, మాట్లాడినవారితో సహా, ఒక్కరికీ గుర్తు లేదు.

ఆనాటి అంశం నాయకత్వ శూన్యత. పాతికమంది తమను తాము పరిచయం చేసుకోవడానికి గంటన్నర పట్టింది కాబట్టి, శూన్యత అనేది ఆ గదిలో లేదని ముందుగానే రుజువైంది. ఆ తరువాత సింగపూరు వచ్చింది. మన దగ్గర ఏ చర్చ అయినా సింగపూరు మీదుగానే పోవాలి. లీ క్వాన్ యూ 1959 నుంచి 1990 దాకా ప్రధానిగా ఉన్నారని సంవత్సరాలతో సహా చెప్పగలవారు అక్కడ నలుగురైనా ఉన్నారు. 2007లో కార్పొరేషన్ అయిన తిరుపతికి తొలి కార్పొరేషన్ ఎన్నికలు 2021లో గాని జరగలేదన్న సంగతిని మాత్రం ఎవరూ ఎత్తలేదు. పధ్నాలుగేళ్ళ శూన్యత సొంత వీధిలోనే దొరుకుతుండగా దానికోసం అంత దూరం పోయిరావడం ఖర్చుతో కూడిన పనే, అయినా పెద్దలు వెనకాడలేదు.

ఒక విశ్రాంత ఆచార్యులు లేచి, మనకు పొరుగున కాంచీపురం జిల్లాలోనే ఉత్తరమేరూరు శాసనం ఉన్నదనీ, మొదటి పరాంతక చోళుడి కాలంలో, సుమారు 920 ప్రాంతంలో, పేర్లు రాసిన తాటాకులను కుండలో వేసి, ఒక చిన్నపిల్లవాడి చేత తీయించి సభ్యులను ఎన్నుకున్నారనీ గర్వంగా వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అదీ అందరికీ తలుపులు తెరిచిన సభేమీ కాదు. సొంత భూమి, సొంత ఇల్లు, ముప్పయ్యైదు దాటిన వయసు, వేదజ్ఞానం ఉన్న బ్రాహ్మణుల సభ. అయితే ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో వారు గుడి గోడమీద చెక్కించారు, మనవారు వాట్సాప్‌లో దాచుకున్నారు. ఆచార్యులవారు మరచిన ముక్క ఇంకొకటి ఉన్నది. అంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివారి పేర్లు ఆ కుండలో పడేవి కావు. వారి తండ్రి, మామ, అల్లుడు, బావమరిది పేర్లు కూడా పడేవి కావు. నేను ఆ గదిని ఒకసారి కలయజూశాను. అపార్ట్‌మెంటు సంఘాల కోశాధికారులు, కల్యాణమండపాల ధర్మకర్తలు, వారి వారి అల్లుళ్ళు. ఈ నియమం గుర్తుచేస్తే భోజనానికి మనుషులు మిగలరని తోచి ఊరుకున్నాను.

భోజనంలో నాటుకోడి పులుసు, నిమ్మకాయంత రాగిసంగటి ముద్ద వడ్డించారు. సంగటి పళ్ళెం అందించిన కుర్రవాడు, అంతకుముందే "నాయకుడు నేలను ఎరిగి ఉండాలి" అని ఉపన్యసించిన పెద్దమనిషి పక్కకు వంగి, "సార్, మీరుండేది మా వీధేగదా. కాలవ తీపిచ్చమని కార్పొరేటర్ కాడికి పోతా ఉండాము. ఒక సంతకం పెడతారా?" అని అడిగాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర నూనె మరకలు, కింద ముప్పయి నలభై సంతకాలు, అయిదారు వేలిముద్రలు. పెద్దమనిషి కాగితాన్ని కాస్త దూరంగా పట్టి చదివి, "ఇది ఆ వేదిక కాదు నాయనా, ఇక్కడ స్థానిక రాజకీయాలు వద్దనుకున్నాము" అని ఎంతో మృదువుగా తిరిగి ఇచ్చివేశారు. కుర్రవాడు "సరే సార్" అని, ఇంకొంచెం పులుసు పోశాడు.

వచ్చే నెల అంశం "అట్టడుగు నుంచి నాయకత్వం" అని తెలిసింది. ఆయనకు విరేచనాలు తగ్గాయట.