నేను రోబోను కాను

పరిశోధన ప్రతిపాదన సమర్పించాలంటే విశ్వవిద్యాలయ గ్రంథాలయం నిర్వహించే మూడు వర్క్‌షాపులకు హాజరైనట్లు సర్టిఫికెట్ జతచేయాలన్న నిబంధన, గడువు ఇంకా పది రోజులు ఉందనగా నా చెవిన పడింది. మొదటి రెండూ ఎలాగో గడిచాయి. మూడోది నిన్న జరిగింది. ఆలస్యంగా వెళ్లినందుకు ముందు వరసలో ఒకే కుర్చీ మిగలడం, ప్రొజెక్టర్ కేబుల్ సరిగ్గా ఆ కుర్చీ వరకే అందడం, ఆ కారణంగా నా ల్యాప్‌టాప్ తెర గోడంత పెద్దదై ముప్పై మంది కళ్లెదుట నిలవడం వెంటవెంటనే జరిగిపోయాయి.

లైబ్రేరియన్ గారు మొదట వ్యాసాల వెతుకులాటలో పదాలను కలపడానికి, వదిలేయడానికి వాడే అండ్, ఆర్, నాట్ అనే మూడు మాటల మహిమను, వాటి మూలపురుషుడైన గణితవేత్త జార్జ్ బూల్ గురించి నాలుగు ముక్కలను చెప్పి, పదం మొదటి అక్షరాలు టైప్ చేసి చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ పదం రూపాలన్నీ దొరుకుతాయని వివరించారు. నా విషయం చీమల సామూహిక ప్రవర్తన కనుక ‘యాంట్’ పక్కన నక్షత్రం పెట్టాను. చీమలు ఎక్కడున్నాయో తెలియదు కానీ యాంటిబయాటిక్‌లు, యాంటెన్నాలు, అంటార్కిటికా మంచు లక్షల సంఖ్యలో గోడమీద ప్రత్యక్షమయ్యాయి. “పదం ఎంత పొట్టిదైతే నక్షత్రం అంత ప్రమాదకరం, దీన్ని అందరూ గమనించండి” అని ఆవిడ నన్ను ఉదాహరణగా వాడుకున్నారు. నిజానికి ఆ హెచ్చరిక ముందే చెప్పి ఉండవచ్చు.

తరువాతి పాఠం, వ్యాసాలను సేకరించి దాచిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్. ఫలితాల పేజీలోని వ్యాసాలన్నిటికీ ఒకేసారి టిక్కు పెట్టి, పీడీఎఫ్‌లతో సహా మన ఖజానాలోకి లాగేసుకోవచ్చని తెలిసేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. ఆవిడ మూలాలను ఉటంకించే శైలి గురించి చెబుతుండగా నేను ఒక పేజీ, దాని తరువాత మరో పేజీ, ఆపైన మరికొన్ని పేజీలు లాగాను. అయిదో పేజీయో ఆరో పేజీయో తెరవబోతుండగా తెర తెల్లబడి, మధ్యలో ఒక చిన్న గడి, దాని పక్కన “నేను రోబోను కాను” అన్న వాక్యం మిగిలాయి.

ఆ గడిలో టిక్కు పెట్టాను. ప్రచురణకర్త వెబ్‌సైటు నా మాట నమ్మలేదు. ఒక కూడలి ఫొటోను పదహారు గళ్లుగా కోసి చూపించి, ట్రాఫిక్ సిగ్నల్ ఉన్న గళ్లన్నిటినీ నొక్కమంది. మూడు దీపాలున్న రెండు గళ్లను నొక్కి, కింద స్తంభం సాగిన గడి దగ్గర నా వేలు ఆగింది. స్తంభం సిగ్నల్‌లో భాగమా, కాదా? వెనుక నుంచి ఒక అమ్మాయి “సార్, స్తంభం కూడా నొక్కండి” అంది. “వద్దు సార్, దీపాలే సిగ్నల్, స్తంభం ఆధారం మాత్రమే” అని తత్త్వశాస్త్ర విభాగం కుర్రాడు అడ్డుపడ్డాడు. ఇంకెవరో మూలనున్న గడిలోకి దీపపు అంచు వెంట్రుకవాసి చొచ్చుకొచ్చిందని గుర్తించి లేచి వచ్చి గోడమీద వేలు పెట్టి చూపించారు. ఆ వేలికి పక్కనే, చట్రంలో, గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలు వేలాడుతున్నాయి. వాటిలో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇలాంటి పరీక్షను క్యాప్చా అంటారు; ఆ ఇంగ్లీషు పేరులోని ‘టి’ అక్షరంలోనే కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన అలాన్ ట్యూరింగ్ దాగి ఉన్నాడు. యంత్రం మనిషిలా సంభాషించగలదో లేదో మనిషి తేల్చే పరీక్షను ఆయన 1950లో ప్రతిపాదిస్తే, అది ఇప్పుడు తిరగబడి, యంత్రమే పీట వేసుకుని కూర్చుని మనిషిని నిలదీస్తోంది. 2007లో రీక్యాప్చా వచ్చిన కొత్తలో, స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో కంప్యూటరుకు అంతుబట్టని మాటలను మన చేత చదివించేవారు; మనిషినని రుజువు చేసుకుంటూనే ఒక పాత పుస్తకానికి ఒక మాట సాయం చేసిన పుణ్యమైనా దక్కేది. గ్రంథాలయంలో కూర్చున్నవాడికి తగిన పరీక్ష అంటే అదీ. నాకు మాత్రం స్తంభం వచ్చింది.

స్తంభంతో కలిపి నొక్కితే తప్పన్నారు. కొత్త కూడలిలో స్తంభాన్ని వదిలేస్తే మళ్లీ ప్రయత్నించమన్నారు. మూడోసారి చేతులెత్తించి ఓటింగు పెట్టగా స్తంభం పక్షం స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది, నేను ఓడిపోయాను. “మీరు మరీ వేగంగా నొక్కుతున్నారు, మనిషిలా కాస్త తడబడుతూ నొక్కండి” అని లైబ్రేరియన్ గారు సలహా ఇచ్చారు. అప్పటికి నాకు తడబాటు నటించాల్సిన అవసరం లేదు.

ఆ తరువాత వచ్చిన సందేశంలో బొమ్మలు లేవు. అసాధారణ స్థాయిలో డౌన్‌లోడ్‌లు జరుగుతున్నందున మా సంస్థకు ప్రవేశం తాత్కాలికంగా నిలిపివేశారట. చందా కట్టిన విశ్వవిద్యాలయాన్ని ఆ ప్రచురణకర్త, ఇంటర్నెట్‌లో దాని కనెక్షన్లకుండే ఐపీ చిరునామాలనే అంకెలను బట్టి గుర్తిస్తాడు. క్యాంపస్ అంతా ఆ చిరునామాల చాటునే ఉంటుంది గనుక నా చీమలతో పాటు రసాయనశాస్త్రం వాళ్ల అణువులకు కూడా తలుపు మూసుకుంది. ఆ వ్యాసాలు రాసేది చాలావరకు విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లే, పైసా పుచ్చుకోకుండా వాటి మంచిచెడ్డలు తూచేది తోటి పరిశోధకులే, చదవడానికి చందా కట్టేది మళ్లీ విశ్వవిద్యాలయమే. మధ్యలో ఉన్న ఆ మహానుభావుడికి మాత్రం నేను మనిషినన్న నమ్మకం కుదరలేదు. ఇలా మూకుమ్మడిగా లాగకూడదన్న సంగతి లైబ్రేరియన్ గారి స్లయిడ్లలో ఉందట. అది చివరి స్లయిడ్.

ఈ ఉదయం మెట్ల దగ్గర రసాయనశాస్త్రం ఆచార్యులు ఎదురైతే, నేను తల వంచుకుని ఫోను చూసుకుంటున్నట్లు నటించాను. అదే సమయంలో ఆ ఫోనుకు తత్త్వశాస్త్రం కుర్రాడి నుంచి ఒక ఫొటో వచ్చింది. ఏదో కూడలిలో నిలబడి స్తంభాన్ని మాత్రమే తీశాడు. కింద “ఇందులో సిగ్నల్ కనిపిస్తోందా సార్?” అని రాశాడు.