పిన్ను కూడా తీయలేదు

ఇప్పుడే పేరెంట్స్ మీటింగ్ నుంచి వచ్చాను. ఇంకా బ్యాగు కూడా కింద పెట్టలేదు. కోపం చల్లారితే రాయను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మావాడికి లెర్నింగ్ డిజెబిలిటీ, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం దగ్గర తడబడతాడు. అది తేల్చిన టెస్టుల రిపోర్టు జూన్‌లో స్కూల్లో ఇచ్చాను. 14 పేజీలు. బ్రౌన్ కవర్లో పెట్టి, పేజీలు జారిపోకుండా పైన రెండు స్టాప్లర్ పిన్నులు నా చేత్తోనే కొట్టాను. ఇవాళ కోఆర్డినేటర్ మేడమ్ "అంతా చూశాం మేడమ్, లేజీ, అంతే" అంటూ ఆ కవరు తిరిగి నా చేతిలో పెట్టింది. పిన్నులు రెండూ కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. కవరు మీద చెయ్యి పెట్టి చదివేశారు కాబోలు.

పైగా "ఇది మేలో చేసింది కదా, ఫ్రెష్‌గా ఇంకోటి చేయించండి" అంట. పాల ప్యాకెట్టా? అవే టెస్టులు ఏడాది తిరక్కుండా మళ్లీ పెడితే, పిల్లాడికి అలవాటై స్కోరు ఉత్తినే పెరుగుతుంది. అందుకే వెంటవెంటనే పెట్టరు. ఇది మూడో పేజీలోనే ఉంది. పిన్ను తీస్తే కనపడేది.

అసలు టెస్టు చేయించమని నా ప్రాణం తీసింది వీళ్లే. ఈ బెంగళూరు ట్రాఫిక్‌లో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాటుకుని, ఆ టెస్టుల కోసం మూడు శనివారాలు తిరిగాం. 14 వేలు అయింది, పేజీకి వెయ్యి. మా అమ్మకి ఫోన్లో "నిమ్హాన్స్ బ్యాటరీ కూడా పెడతారంట" అన్నానో లేదో, "పసివాడికి కరెంటు పెట్టిస్తావటే!" అని ఏడుపు. అమ్మా, బ్యాటరీ అంటే కొన్ని టెస్టుల కట్ట. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో ఎక్కడ తడబడుతున్నారో చూడ్డానికి నిమ్హాన్స్ వాళ్లు, అదే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ వాళ్లు, తయారుచేసింది. సూది లేదు, స్కాన్ లేదు. బల్ల ముందు కూర్చోబెట్టి రంగు దిమ్మెలు పేర్పిస్తారు, అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంటారు, కొన్ని మాటలు వినిపించి అరగంట తర్వాత ఎన్ని గుర్తున్నాయో అడుగుతారు. మావాడు దిమ్మెలు చకచకా పేర్చేశాడు. చదవమంటే మాత్రం రెండో క్లాసు పేరా దగ్గరే ఆగిపోయాడు. వాడు చదివేది ఐదో క్లాసు.

ఇంకో మాట. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, సెకండ్ లాంగ్వేజ్ కన్నడ, థర్డ్ హిందీ. వాడి నెత్తిన నాలుగు భాషలున్నాయి. టెస్టు చేసిన కన్నడ అమ్మాయి, వాడు ఇంగ్లీషు మాటకి అర్థం తెలుగులో చెబితే అది కూడా రాసుకుని, "ఇంటి భాష తెలుగు, దీన్ని దృష్టిలో పెట్టుకోవాలి" అని రిపోర్టులో వేసింది. ముక్కూమొహం తెలియని పిల్ల మూడు రోజుల్లో పట్టుకున్న సంగతి, ఐదేళ్లుగా ఫీజు తీసుకుంటున్నవాళ్లకి ఎక్కలేదు.

పరీక్షలో కాస్త టైమ్ ఎక్కువ ఇవ్వండి అన్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో లెక్కపెట్టిన 21 రకాల వైకల్యాల్లో ఈ లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఒకటి, బోర్డు పరీక్షల్లో సీబీఎస్‌ఈ వాళ్లే గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారు అని కూడా చెప్పాను. "అది టెన్త్‌కి కదా మేడమ్!" సరే తల్లీ. టెన్త్ వచ్చేదాకా నువ్వు మామూలుగా చదివెయ్ నాన్నా, అక్కడికెళ్లాక తడబడుదువుగాని అని వాడికి చెబుతాలే.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. బయటికి రాగానే హాల్లో ఒక స్టాల్. పిల్లల పదివేళ్ల ముద్రలు తీసుకుని తెలివితేటలు చెబుతారట! పుట్టుకతో వచ్చిన టాలెంటు, ఏ కోర్సు తీసుకోవాలి, అన్నీ వేలి గీతల్లోనే ఉన్నాయట. 3,500 రూపాయలు, ఇవాళ కడితే డిస్కౌంటు. ఆ గీతలు తల్లి కడుపులో ఉండగానే పడిపోతాయి, వాటికీ చదువుకీ సంబంధం ఏంటయ్యా? బడికి వెళ్లే శ్రమ ఎందుకు మరి, పురిటి మంచం మీదే సీటు ఇచ్చేయొచ్చుగా. గంటల తరబడి కూర్చుని రాసిన రిపోర్టుకి పిన్ను తియ్యరు, చిలక జోస్యానికి మాత్రం హాలు, ఫ్యాను, వాటర్ బాటిళ్లు!

ఆ స్టాల్ చూడగానే నాకు మా బావగారు గుర్తొచ్చారు. మియాపూర్‌లో వాళ్లమ్మాయికి ఇదే చేయించారు. పిల్లకి ఆరేళ్లు. "నాయకత్వ లక్షణాలు" అని వచ్చిందట. లామినేషన్ చేయించి హాల్లో టీవీ పక్కన పెట్టారు. పెట్టుకోండి, నాకేం. కానీ శ్రావణంలో మా గృహప్రవేశానికి వచ్చి ఏం చేశారు? యాభైమంది భోజనాల పంక్తిలో ఉండగా "మీవాడికి ఏదో టెస్టన్నావు, ఎంతొచ్చింది?" అని గట్టిగా అడిగారు. ఐక్యూ 97 అన్నాను. "నూటికి తొంభై ఏడా! మరి రోగమేంటి? రెండు తగిలిస్తే అదే వస్తుంది." పంక్తంతా నవ్వు. మా ఆయన కూడా నవ్వాడు, అది వేరే కథ, ఆయన సంగతి ఇంకో పోస్టులో.

నూటికి కాదు బావగారూ. 100 అంటే ఆ వయసు పిల్లల సగటు, ఫుల్ మార్కులు కాదు. మూడింట రెండొంతుల మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు, మీరూ నేనూ కూడా అక్కడే ఎక్కడో ఉంటాం. తెలివి తక్కువై చదవలేకపోవడం వేరు, తెలివి ఉండీ అక్షరాలు లొంగకపోవడం వేరు. ఆ తేడా తేల్చడానికే కదా ఆ 97. ఇదంతా ఆ రోజే చెప్పాల్సింది. చేతిలో పులిహోర బేసిన్, మీరేమో పెద్దవారు, పక్కన అత్తయ్యగారు. మింగేశాను. మావాడు మాత్రం సగం విస్తరిలో లేచి పైకి వెళ్లిపోయాడు. మీరు చూడలేదు, మీకప్పుడు పూర్ణం బూరె వడ్డిస్తున్నారు.

మీరు అక్క ఫోన్లోంచి నా పోస్టులు చదువుతారని తెలుసు. లైక్ అక్కర్లేదు. వచ్చే నెల సంక్రాంతికి వచ్చినప్పుడు వాడితో ఒక్క మంచి మాట మాట్లాడండి చాలు, మార్కుల ఊసెత్తకుండా.

స్కూలుకి సోమవారం మళ్లీ వెళ్తున్నా, ఈసారి కవరు లేకుండా.