మంచం కింది పైథాన్ పుస్తకానికి

అనంతపురం

నా మంచం కింద కాపురముంటున్న పైథాన్ పుస్తకమా,

క్షేమమని తలుస్తాను. నీ 416 మంది తోబుట్టువులూ క్షేమమే. చెదలు ఇంకా రాలేదు. వాటికీ కంప్యూటరంటే భయం కాబోలు.

మా సీమలో డబ్బును లెక్క అంటాం. పైథాన్ అనే కంప్యూటర్ భాష మీద పుస్తకం రాస్తే లెక్క వస్తుందని 2013లో నిన్ను అచ్చేయించాను. లెక్కలొచ్చాయి, లెక్క రాలేదు. నూరు కాపీలు చాలన్నాను. ప్రెస్సాయన నవ్వి, "ప్లేట్ల ఖర్చు నూరుకైనా అయిదునూర్లకైనా ఒకటే సారూ, ఎక్కువేసుకుంటే కాపీ చవకగా పడతాది" అన్నాడు. చవక అనే మాట విని ఆగినవాడు మా వంశంలో లేడు. 15 ఫారాలు, 240 పేజీలు, 500 కాపీలు. కాపీకి 60 చొప్పున 30,000. వెల 150. అందులో 40 శాతం అంగడాయనకు పోను నాకు 90. అదీ "అమ్ముడుపోయినాక సారూ". ఆ అమ్ముడుపోవడం కనుక్కోవడానికి సప్తగిరి సర్కిల్‌కు తిరిగిన ఆటో చార్జీలు నీ వెలలో కలపడం మరిచిపోయాను. మొత్తం పోయినవి 83, వచ్చింది 7,470.

ఆ భాషకు కొత్త రూపం, పైథాన్ 3, వచ్చింది 2008 డిసెంబరులోనే. నాకు తెలుసు. కానీ నా చుట్టూ అందరూ పాత తరం 2.7 వాడుతుంటే నేనూ దాన్నే పట్టుకున్నాను. 2015తో దాని పని సరి, ఇక మరమ్మతులుండవు అన్న పైథాన్ తయారీదార్లు 2014లో గడువును 2020కి జరిపారు. ఆలోపు నిన్ను అమ్మేస్తానని మీసం మెలేశాను. 2020 జనవరి 1 వచ్చింది, గడువు పోయింది, నువ్వు మాత్రం ఎక్కడికీ పోలేదు. నీ 9వ పేజీలో మొట్టమొదటి ప్రోగ్రామే ఇప్పుడు తప్పు. తెరమీద మాట చూపించే ప్రింట్ అనే ఆజ్ఞ పక్కన పైథాన్ 3 అడిగే బ్రాకెట్లు లేవు. అంతకన్నా నొప్పి పదో అధ్యాయం. తెలుగు అక్షరాలు తెరమీద పడాలంటే పైన ఎన్‌కోడింగ్ వరుస (ఏ అక్షర సంకేతాలు వాడామో చెప్పేది) రాయాలి, కొటేషన్‌కు ముందు 'యు' పెట్టాలి అని 22 పేజీలు పూసగుచ్చినట్టు రాశాను. పైథాన్ 3లో ఆ తంటాయే లేదు, తెలుగు నేరుగా రాసుకోవచ్చు. తెలుగుకు మంచిరోజులొచ్చాయి, నా 22 పేజీలకు దినం పెట్టారు.

కెర్నిహాన్, రిచీలు సీ అనే కంప్యూటర్ భాష మీద రాసిన పుస్తకాన్ని తలచుకుంటే కడుపుమంట. 1978లో వచ్చింది, 1988లో ఒక్కసారి దిద్దారు, ఆ రెండో కూర్పే ఇప్పటికీ అమ్ముడుపోతోంది. పుడితే అట్లా పుట్టాలి!

మొన్న ఇంజనీరింగ్ పిల్లోడొకడు నిన్ను చంకలో పెట్టుకొని వచ్చాడు. నిన్ను కాదు, నీ జిరాక్స్‌ని. స్పైరల్‌తో కలిపి 90 రూపాయలంట. పైసా తేడా లేకుండా నాకు రావాల్సిన లెక్క. వాళ్ల సీనియర్ దగ్గర్నుంచి దిగిన కాపీ అది. ప్రింట్ కనబడిన ప్రతిచోటా ఆ సీనియర్ నీలం పెన్నుతో బ్రాకెట్లు పెట్టాడు, పదో అధ్యాయం మొత్తం అడ్డంగా కొట్టేశాడు. నేను వేయలేని నీ రెండో కూర్పు కాలేజీ గేటు ముందర వెలువడింది!

"117వ పేజీ నల్లగా పడింది సార్, ఒరిజినల్ ఉండాదా?" అన్నాడు. మంచం కిందికి చెయ్యి పెట్టి నిన్ను తీశాను. దుమ్ము ఊది, ఫోటో తీసుకొని, నిన్ను మళ్లీ నా చేతికే ఇస్తూ, "బ్రాకెట్లు నేను పెట్టుకుంటాలే సార్" అన్నాడు.

ఇట్లు,
నీ గ్రంథకర్త