సవరణ: ఏక్యూఐ 90 అంటే 90 మైక్రోగ్రాములు కాదు

గాలి కాలుష్యంపై పనిచేసే టాక్సికాలజిస్టుల (విషపదార్థాలు ఒంటికి చేసే హానిని పరిశోధించేవాళ్ల) గురించి రాసిన పోస్టులో "సనత్‌నగర్‌లో 90 చూపిస్తే మన పరిమితి 60 దాటినట్టే" అన్న వాక్యం తీసేశాం. 90 అన్నది ఏక్యూఐ, అంటే గాలి ఎంత కలుషితమో చెప్పే సూచీ. 60 అన్నది ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5కి, అంటే అతి సన్నటి ధూళి కణాలకి, మన దేశం పెట్టుకున్న 24 గంటల పరిమితి, మైక్రోగ్రాముల్లో. పీఎం 2.5 వల్లే ఏక్యూఐ 90కి చేరితే అసలు ధూళి సుమారు 54, అంటే పరిమితి లోపలే. అలాగని టెన్షన్ లేదనుకోకండి, డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పిన హద్దు 15 మాత్రమే!

పైగా టాక్సికాలజిస్టు చూసేది మోతాదు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర రోజంతా నిలబడే కానిస్టేబుల్‌కీ, ఏసీ కారులో అద్దాలెక్కించుకుని పోయేవాళ్లకీ యాప్‌లో కనిపించే అంకె ఒక్కటే. ఊపిరితిత్తుల్లోకి దిగేది మాత్రం ఒక్కటి కాదు. పోస్టులో మిగతాదంతా యథాతథం.