ఆగని రక్తం, అడగని ప్రశ్న

1924లో ఆలండ్ దీవుల నుంచి ఒక ఐదేళ్ల పాపను ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ వద్దకు తీసుకొచ్చారు. చిన్న గాయమైనా రక్తం ఓ పట్టాన ఆగేది కాదు. ఆ కుటుంబాన్ని తరాల వెంట తరచి చూసిన ఆయన, ఇది ఎక్కువగా మగవారిలో కనిపించే, రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా అనే జబ్బు కాదని, ఆడా మగా ఇద్దరికీ వచ్చే వేరే జబ్బని 1926లో వెల్లడించారు. ఆ పాప పదమూడో ఏట, నాలుగోసారి నెలసరి వచ్చినప్పుడు రక్తస్రావం ఆగక కన్నుమూసింది.

వంద ఏళ్లవుతోంది. నెలసరి ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చుకోవాల్సి వస్తున్నా 'కొందరి ఒళ్లు అంతే' అన్న మాటే ఆడపిల్లలకు సమాధానమవుతోంది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు రాసే చెయ్యి, ఆ రక్తం ఎటు పోతోందని చాలాసార్లు ఆరా తీయదు. వంశపారంపర్య రక్తస్రావ వ్యాధుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఈ వాన్ విల్లెబ్రాండ్ వ్యాధే. మామూలు గడ్డకట్టే పరీక్షల్లో అంతా సవ్యంగానే ఉందని రావచ్చు. ప్రత్యేకంగా వెతికితేనే దొరుకుతుంది. హిమోఫిలియా జన్యువును మోసే తల్లిని 'క్యారియర్' అని పక్కన పెట్టేయడమూ పొరపాటే. ఆమెలోనూ రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్ (ఫ్యాక్టర్) తక్కువగా ఉండి, ప్రసవమప్పుడు ప్రాణం మీదికి రావచ్చు.

ఇక హిమోఫిలియా సంగతి. ఎనిమిదో ఫ్యాక్టర్ లోపంతో వచ్చే రకం సుమారు 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి ఉంటుంది. అందులో దాదాపు మూడో వంతు మందికి కుటుంబంలో ఆ చరిత్రే ఉండదు కాబట్టి 'మా వంశంలో లేదు' అన్న ధీమా చెల్లదు. అడుగులు నేర్చే పిల్లాడి మోకాలు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. బెణికిందనుకుని మర్దన చేస్తారు. లోపల కీలులో రక్తం నిండుతోందని ఎవరికి తోస్తుంది? పదేపదే అలా జరిగితే కీలు అరిగి వంకరపోతుంది. ఇలాంటి వారికి నొప్పని ఆస్పిరిన్ ఇస్తే రక్తం మరింత ఆగదు.

1989 నుంచి ఏటా ఏప్రిల్ 17న ప్రపంచ హిమోఫిలియా దినం జరుగుతోంది. భవనాలకు ఎర్రదీపాలు పెడుతున్నారు, పెట్టనివ్వండి. మేము కోరేది అంతకన్నా చవకైనది. పన్ను పీకేముందు షుగరుందా, బీపీ ఉందా అని ఎలాగూ అడుగుతారు. ఆ వరసలోనే ఇంకొకటి: ఇంతకుముందు దెబ్బ తగిలితే రక్తం ఎంతసేపటికి ఆగింది?