కరెంటు చీపురు

సంక్రాంతి వెళ్లిన వారానికి, పనసపొట్టు పట్టుకెళ్దామని రాజమండ్రిలో మా పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. గేటు తీసేసరికే పెరట్లోంచి గొడవ వినిపిస్తోంది. పెదనాన్న తలకి స్కూటర్ హెల్మెట్, చేతులకి పెద్దమ్మ వేడి గిన్నెలు దించుకునే గుడ్డ గ్లౌజులు. ఎదురుగా రెండు చక్రాల మీద, నెత్తిన గరాటా పెట్టుకుని ఒక ఆకుపచ్చ మిషను. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఇద్దరూ "రా" అని కూడా అనలేదు, సాక్షి దొరికినందుకు గొంతులు మాత్రం పెంచారు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నేనెవరి పక్షమో మీకే తెలిసిపోతుంది.

పెద్దమ్మ: 18,500 పెట్టి చీపురు కొన్న మొగుడు ఈ జిల్లా మొత్తం మీద నాకొక్కదానికే దొరికాడు.

పెదనాన్న: చీపురు కాదే, చిప్పర్! చి... ప్ప... ర్! కొమ్మలు ముక్కలు చేసే మిషను!

పెద్దమ్మ: అదేలెండి. ఇంగ్లీషు చీపురు.

పెదనాన్న: ఇంగ్లీషులో చీపుర్ని బ్రూమ్ అంటారు.

పెద్దమ్మ: నాకు ఇంగ్లీషు రాదు, చీపురు వచ్చు. ఫోనులో ఏమన్నారు మీరు? "ఏమేవ్, కరెంటు చిప్పర్ వస్తోంది, డబ్బు కట్టేశా, తీసి లోపల పెట్టు" అన్నారా లేదా? నేను సరిగ్గానే విన్నాను. మీరే సరిగ్గా కొనలేదు.

పెదనాన్న: విన్నదానివి నీలో నువ్వు ఉంచుకోవచ్చు కదా! పనావిడకి ఎవరు చెప్పమన్నారు?

పెద్దమ్మ: పాపం నడుం నొప్పి అంటోందని, "రేపట్నుంచి పెరడు ఊడవక్కర్లేదే, అయ్యగారు కరెంటు చీపురు తెప్పించారు" అన్నాను. మంచికే అన్నాను.

పెదనాన్న: ఆవిడ పని పోయిందనుకుని రెండు రోజుల్నుంచి రావట్లేదు. పాలబ్బాయి నన్ను పట్టుకుని "మనిషి పొట్ట కొట్టారండీ" అన్నాడు. పక్కింటాయన వచ్చి, వాళ్ల మేడ మీద కూడా ఊడుస్తుందేమో ఒకసారి అద్దెకిస్తారా అని అడిగాడు!

పెద్దమ్మ: ఎంతిస్తానన్నాడు?

(ఇక్కడ పెదనాన్న హెల్మెట్ అద్దం కిందికి దించేసుకున్నారు. లోపల ఏదో అన్నారు, వినపడలేదు.)

పెదనాన్న: మొన్న నేనొచ్చి చూస్తే ఇది ఎక్కడుంది? బాత్రూము తలుపు వెనక! పడుకోబెట్టి, పైన నా పాత లుంగీ కప్పి!

పెద్దమ్మ: చీపుర్ని నిలబెట్టకూడదు. వచ్చిపోయేవాళ్లకి కనపడకూడదు. అంత బరువుంది, దాన్ని పడుకోబెట్టడానికి నా ప్రాణం పోయింది. అయ్యో, అయ్యో, దాటకండి! చీపురు దాటతారేంటండీ!

పెదనాన్న: నేను దాటింది వైరు!

పెద్దమ్మ: దాని తోకేగా. వెనక్కి రండి. చుట్టూ తిరిగి వెళ్లండి.

(తిరిగి వెళ్లారు. నా కళ్లారా చూశాను.)

పెదనాన్న: ఒరేయ్, నువ్వైనా విను. కొమ్మ ఈ పైనున్న నోట్లో పెడతాం. లోపల బ్లేడు నిమిషానికి 4 వేల చుట్లు తిరుగుతుంది. కింద నుంచి పొట్టు పడుతుంది.

పెద్దమ్మ: పొట్టా? పోనీ పనసకాయ వేస్తే పొట్టు కొడుతుందేమో అడగండి. వీడు దానికోసమే వచ్చుంటాడు.

పెదనాన్న: ఇది కొమ్మల పొట్టు! వంటింటి చెత్త మీద ఎండుది ఇంత వేస్తే తడి పీల్చుకుని వాసన రాకుండా ఎరువవుతుంది. చెట్టు చుట్టూ రెండంగుళాలు పరిస్తే ఎండాకాలం నేల ఆరిపోదు.

పెద్దమ్మ: వేన్నీళ్ల సంగతేంటి?

పెదనాన్న: వేన్నీళ్లేంటి మధ్యలో?

పెద్దమ్మ: గీజరు పీకి దీన్ని పెట్టారు కదా. పొద్దున చన్నీళ్లు పోసుకున్నాను, ఈ వయసులో, ఈ చలిలో.

పెదనాన్న: ఇది 2,500 వాట్లు. అంటే దాదాపు 11 ఆంపులు లాగుతుంది. మామూలు ప్లగ్గు 6 ఆంపులే, మాడిపోతుంది. ఇంట్లో 16 ఆంపుల ప్లగ్గు కిందనున్నది అదొక్కటే. అందుకే లావు వైరు కొని, చుట్ట మొత్తం విప్పి మరీ లాగాను. చుట్టగా ఉంచి వాడితే వేడెక్కి కరిగిపోతుంది.

పెద్దమ్మ: ఇంత తెలిసినవారు కొనేముందు ఆ పుస్తకం చదవాల్సింది. ఎంతసేపు పనిచేస్తుందో వాడికి చెప్పండి.

పెదనాన్న: (చిన్నగా) నాలుగు నిమిషాలు కొమ్మలు వేస్తే ఆరు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వాలి.

పెద్దమ్మ: చూశావురా, మీ పెదనాన్న ఆఫీసు రూలే. రిటైరయ్యాక తోచక సొంతానికి ఒకటి తెచ్చుకున్నారు.

(పెదనాన్న దీనికి జవాబివ్వకుండా జేబులోంచి టేపు తీసి జామకొమ్మలు కొలవడం మొదలుపెట్టారు. 40 మిల్లీమీటర్లు దాటినవి ఎడమపక్క, దాటనివి కుడిపక్క. వంకరవి మళ్లీ వేరే.)

పెద్దమ్మ: పొద్దున్నుంచి ఇదే. కొమ్మలకి పెళ్లిచూపులు. లావుగా ఉండకూడదు, వంకర ఉండకూడదు, తడి ఉండకూడదు. మా నాన్న ఇందులో సగం చూసుకున్నా నన్ను ఈ ఇంటికి ఇచ్చేవాడు కాదు.

పెదనాన్న: మీ నాన్న నన్ను చూసిన వెంటనే ఒప్పుకున్నాడు.

పెద్దమ్మ: చీకటి పడ్డాక వచ్చారు కదండీ పెళ్లిచూపులకి. కరెంటు కూడా లేదు ఆ రోజు. సరే, మన పెరట్లో కొబ్బరిచెట్లు నాలుగు. చెట్టుకి నెలకో మట్ట రాలుతుంది, ఏడాదికి దాదాపు 50. కొబ్బరిమట్ట గురించి ఏం రాశాడు పుస్తకంలో?

పెదనాన్న: ...పీచున్నవి వెయ్యొద్దన్నాడు.

పెద్దమ్మ: అరటిబోదె?

పెదనాన్న: అదీ వద్దన్నాడు.

పెద్దమ్మ: మరి ఏం తింటుందిది?

పెదనాన్న: జామ, మందారం, గోరింటాకు కొమ్మలు, మల్లె కత్తిరించినవి...

పెద్దమ్మ: అవి మేక తింటుంది. ఆ డబ్బుకి మేక వచ్చేది. కుదిరితే దానికో పిల్ల. ఆకు తిని పాలిస్తుంది, ఎరువిస్తుంది, గీజరు అడగదు.

(అప్పుడు మా పెదనాన్నకి పౌరుషం వచ్చింది. ఆయనకి పౌరుషం వచ్చిన రోజున ఇంట్లో ఏదో ఒకటి రిపేరుకి వెళుతుంది, ఇది మా కుటుంబంలో అందరికీ తెలుసు. పక్కనే పడున్న కొబ్బరాకు తీసుకున్నారు. మట్ట కాదులే, చివరే కదా అన్నారు. స్విచ్ వేశారు. వీధి చివర కుక్కలు మొరిగాయి. గర్ర్ర్ మని రెండు క్షణాలు లాగింది, తర్వాత గుయ్‌య్ మంది, తర్వాత టక్కుమని ఆగిపోయింది. ఇంత నిశ్శబ్దం ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.)

పెద్దమ్మ: తిననంది.

పెదనాన్న: ఓవర్‌లోడ్ అయితే దానంతటదే ఆగుతుంది. అది సేఫ్టీ. కాస్త చల్లారాక ఈ బటను నొక్కితే... ఉండు, లోపల ఏం పట్టుకుందో చూస్తా...

పెద్దమ్మ: ఆ, పెట్టండి చెయ్యి. ప్లగ్గు ఎప్పుడో పీకేశాను.

పెదనాన్న: ఎప్పుడు లేచావే నువ్వు?

పెద్దమ్మ: మీరు ఆ ఆకు తీసుకున్నప్పుడే. 41 ఏళ్ల నుంచి మీరు స్విచ్ వెయ్యడం, నేను తియ్యడం. జరగండి, ఆ గ్లౌజులు నావి, వాటికి నూనె అంటించకండి. ఒరేయ్, వంటింట్లోంచి పట్టకారు పట్రా.

(పెదనాన్న మర విప్పి మూత తెరిచారు. బ్లేడు చుట్టూ కొబ్బరి ఈనెలు జడలా చుట్టుకుపోయి ఉన్నాయి. పెద్దమ్మ పట్టకారుతో ఒక్కొక్కటే లాగి, అన్నీ కలిపి గుప్పిట్లో పట్టుకుని, ఆయన కళ్ల ముందు ఆడించింది.)

పెద్దమ్మ: ఏంటండీ ఇది?

పెదనాన్న: ...

పెద్దమ్మ: చెప్పండి, వాడు వింటున్నాడు.

పెదనాన్న: ఈనెలు.

పెద్దమ్మ: ఈనెలు కట్టగడితే ఏమంటారు?

పెదనాన్న: నేను చెప్పను.

పెద్దమ్మ: కడుపులోంచి చీపురు తీశాను. ఇప్పుడు దీన్ని చీపురనక ఏమంటారు?

(నాకు నవ్వాగలేదు. పెదనాన్న నా వైపు చూసిన చూపుకి, వచ్చే సంక్రాంతికి నాకు బట్టలు పెడతారో లేదో అనుమానమే. నవ్వుతూనే పెద్దమ్మకి దగ్గు తెర వచ్చింది, చాలాసేపు ఆగలేదు. హెల్మెట్ కూడా తియ్యకుండా ఆయనే వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చారు.)

పెదనాన్న: భోగి రోజున ఆ మంట దగ్గర నిలబడ్డప్పటి నుంచీ ఇదే. పైగా వారం వారం ఆకులు తగలబెడుతున్నాం. డాక్టరు పొగ తగలకూడదన్నాడు. అందుకే తగలబెట్టకుండా ఏదైనా...

పెద్దమ్మ: (నీళ్లు తాగి, కాసేపు ఊరుకుని) నా దగ్గుకి 18,500లా?

పెదనాన్న: వైరుకి వేరే.

పెద్దమ్మ: తగలబెట్టడం మానేస్తే ఊరికే వచ్చేదానికి!

పెదనాన్న: మరి కుప్ప ఎక్కడికి పోతుంది?

పెద్దమ్మ: అదీ నిజమే. ఇటు రండి. ఆ హెల్మెట్‌తో ఊపిరాడదు మీకు, తియ్యండి. కళ్లకి స్కూటరు మీద పెట్టుకునే ఆ పెద్ద అద్దాలు పెట్టుకోండి, ముక్కుకి ఈ తువ్వాలు కడతాను. కదలకండి. జామకొమ్మలే వెయ్యండి, ఆకులు కాస్త వాడాకే. చేత్తో నెట్టకండి, వాడిచ్చిన కర్రతో నెట్టండి. పుస్తకంలో నాలుగో పేజీలో ఉంది.

పెదనాన్న: నువ్వు చదివావా?

పెద్దమ్మ: చీపురుకి పుస్తకం ఏంటా అని చదివాను.

(తర్వాత అరగంట బాగానే సాగింది. నాలుగు నిమిషాలు కాగానే పెద్దమ్మ గోడ గడియారం చూసి "టీ టైం" అని అరవడం, ఆయన కర్ర పట్టుకుని నిలబడడం. పొట్టు నిజంగానే పడింది, అన్ని వైపులా, తులసికోట మీద కూడా. పెద్దమ్మ దాన్ని చేటతో ఎత్తి తన మల్లెపాదుల్లో పరుచుకుంది. మొదలుకి ఆనించొద్దు కుళ్లిపోతుంది అని ఆయన చెప్పబోతే, "మీరు పుట్టకముందు నుంచీ మల్లెలు వేస్తున్నాను" అంది. ఆవిడ ఆయనకంటే ఆరేళ్లు చిన్న.)

ఇంతలో పనావిడ వచ్చింది. ఊరికే చూసి పోదామని వచ్చిందట. పెరడంతా పొట్టు చూసింది, మిషను చూసింది, చక్రాలు చూసింది.

పనావిడ: ఇదేనాండీ కరెంటు చీపురు?

పెద్దమ్మ: ఆఁ, ఇదే.

పనావిడ: ఊడ్చిందాండీ ఇది, పోసిందాండీ?

పెద్దమ్మ: దీనికి ఊడవడం ఇంకా రాలేదే. నువ్వే నేర్పాలి.

పనావిడ చీర కుచ్చిళ్లు దోపుకుని పాత చీపురు అందుకుంది. పెదనాన్న ఇంకో రెండు మందారం కొమ్మలు వేస్తానన్నారు కానీ అప్పటికే పెద్దమ్మ దీపం పెట్టేసింది, దీపం పెట్టాక చీపురు పట్టకూడదు కదా, ప్లగ్గు లోపల గీజరుకి వెళ్లిపోయింది.

నేను బయల్దేరేటప్పుడు ఆవిడ ఫోనులో మా పిన్నితో మాట్లాడుతోంది. "ఆఁ, మీ బావగారు తెచ్చారే... నా దగ్గుకనిట... బాగానే పనిచేస్తోంది, జామకొమ్మలన్నీ చక్కగా... కాదే, చీపురే!"

పెరట్లోంచి, తువ్వాలు కట్టుకున్న గొంతుతో: "చిప్పర్!"

పనసపొట్టు సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే పెద్దమ్మ పనసకాయ తీసుకుని ఆ మిషను వైపు నడుస్తుందేమోనని భయం.