ఉపగ్రహాలకూ కరెంటు కష్టాలే

2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ 4,410 కిలోల సమాచార ఉపగ్రహం సీఎంఎస్-03ని మోసుకెళ్లింది. దానికి ఏడాది ముందు 4,700 కిలోల జీశాట్-20ని అమెరికా తీసుకెళ్లి స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్ ఫాల్కన్-9లో పంపించుకున్న దేశానికి ఇది పెద్ద ఊరట. చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. అయితే సమాచార ఉపగ్రహం జమాఖర్చు రాకెట్ లేచిన నాడే తేలిపోదు. మెకానిక్ వెళ్లలేని చోట అది పది, పదిహేనేళ్లు పనిచేయాలి.

ట్రాన్స్‌పాండర్లను (సంకేతాలను అందుకుని తిరిగి పంపే పరికరాలను), యాంటెన్నాలను మోసే నిర్మాణాన్ని ఇంజనీర్లు బస్సు అనే పిలుస్తారు. సౌరఫలకాలు, బ్యాటరీలు, ఇంధన ట్యాంకులు అన్నీ అందులోనే. ఇస్రో దగ్గర బరువును బట్టి ఐ-1కె, ఐ-2కె, ఐ-3కె, ఐ-6కె అనే నమూనాలున్నాయి. ఒకే నమూనాను పదేపదే కడితే ఖర్చు తగ్గుతుంది, చేయి తిరుగుతుంది. లోపమంటూ ఉంటే అదీ వారసత్వంగా వస్తుంది.

1981లో మన ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహం ఆపిల్‌ను ఎడ్లబండి మీద పెట్టిన ఫొటో అందరికీ గుర్తే. అంతరిక్షంలో దాని సౌరఫలకం ఒకటి తెరుచుకోలేదన్న సంగతి గుర్తున్నవారు తక్కువ. అయినా మనవాళ్లు దాన్ని రెండేళ్లకు పైగా నడిపించారు. అమెరికాలో ఫోర్డ్ ఏరోస్పేస్ తయారు చేసిన ఇన్‌శాట్-1ఎ 1982లో అయిదు నెలలు కూడా బతకలేదు. అందువల్ల వైఫల్యం మన ఒక్కరి సొత్తని ఎవరూ అనలేరు.

మమ్మల్ని కలవరపెడుతున్నది వైఫల్యాల సంఖ్య కాదు, వాటి పోలిక. ఇన్‌శాట్-2డి 1997 జూన్‌లో వెళ్లి అక్టోబరులో మూగబోయింది. కారణం విద్యుత్ వ్యవస్థ. కక్ష్యలో ఉన్న అరబ్‌శాట్-1సిని కొని, పేరు మార్చి, ఆ లోటు పూడ్చుకోవాల్సి వచ్చింది. ఐరోపా సంస్థ యూటెల్‌శాట్ కోసం ఐ-3కె బస్సుపై రూపొందిన డబ్ల్యూ2ఎం 2008 డిసెంబరులో కక్ష్యకు చేరింది. కొద్ది వారాలకే మళ్లీ విద్యుత్ లోపం. కొన్నవారు అప్పట్లో దాన్ని తమ సేవల్లోకి తీసుకోలేదు. 2010 జులైలో ఇన్‌శాట్-4బికీ అదే జబ్బు; సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. 2018 మార్చి 29న బయల్దేరిన జీశాట్-6ఎ రెండోసారి కక్ష్య పెంచిన కొద్దిసేపటికే మాట్లాడటం మానేసింది. ఆరు మీటర్ల గొడుగులాంటి దాని యాంటెన్నా విచ్చుకోనేలేదు. అనుమానం ఇక్కడా కరెంటు మీదే.

మధ్యలో బ్రిటన్ సంస్థ కోసం రూపొందిన హైలాస్-1 ఉపగ్రహం లాంటి విజయాలూ ఉన్నాయి. వాటిని తక్కువ చేయడం అన్యాయం. ఇస్రో నిజమైన పరిణతి మాకు కనిపించింది మాత్రం ఒక ప్రయోగాన్ని ఆపుకోవడంలో. జీశాట్-6ఎ మూగబోయిన నెల రోజుల్లోపే, ఫ్రెంచ్ గయానాలోని కౌరూకు చేరుకున్న 5,854 కిలోల జీశాట్-11ని మరిన్ని పరీక్షల కోసం బెంగళూరుకు వెనక్కి రప్పించారు. పరువు పోతుందని వెనకాడలేదు. డిసెంబరు 5న అది క్షేమంగా ఎగిరింది.

ఆ తెగువ దర్యాప్తు నివేదికల విషయంలో ఏమైంది? 2021లో జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 కూలితే హైడ్రోజన్ ట్యాంకు వాల్వు దగ్గర లీకేజీ అని ఇస్రో విడమరచి చెప్పింది. రాకెట్ విషయంలో పాటించిన ఆ పద్ధతిని జీశాట్-6ఎకు ఎందుకు వర్తింపజేయలేదు? రక్షణ అవసరాలకు సంబంధించిన భాగాలను మినహాయించినా, విద్యుత్ సరఫరాలో ఏ భాగం చెడింది, తర్వాతి బస్సుల్లో ఏం మార్చారు అన్నవి చెప్పడానికి అడ్డేమీ లేదు. ఇప్పుడు ఉపగ్రహాల వ్యాపారం అంతరిక్ష శాఖ వాణిజ్య సంస్థ ఎన్‌ఎస్‌ఐఎల్ చేతిలో ఉంది. జీశాట్-24 సామర్థ్యాన్ని టాటా ప్లే తీసుకుంది. డబ్బు కట్టే ఖాతాదారు ముందుగా అడిగేది ఉపగ్రహం ఎన్నేళ్లు నిలుస్తుందనే. 1997 నుంచి 2018 దాకా జరిగిన ఈ నాలుగు వైఫల్యాల నివేదికలను పార్లమెంటు ముందు పెట్టి ఇస్రో ఆ జవాబు మొదలుపెట్టాలి.